అడిగిందేటి?

"ఒక వర్తకుడు" అని మొదలవుతుంది లెక్క.
పేరుండదు, ఊరుండదు,
ఏ సందులో దుకాణమో చెప్పదు.
గంభీరంగా వచ్చి నిలబడతాడు పేజీ మధ్యలో,
పిల్లలు తలొంచుకుంటారు.

కాశీబుగ్గ హైస్కూలు, పదో తరగతి.
ముప్పై ఎనిమిది నోటుబుక్కులు ఇంటికి మోసుకొచ్చాను.
వర్గమూలాలు చేశారు, సూత్రాలు కాపీగా దించారు.
మాటల లెక్క దగ్గరకొచ్చేసరికి
ముప్పై ఒక్క పుస్తకాల్లో
ప్రశ్న నంబరు, కింద అరపేజీ తెలుపు.
రబ్బరుతో చెరిపిన మసక కూడా లేదు.
మొదలెట్టి ఆగిపోవడం కాదిది,
గుమ్మం దాకా వచ్చి
చెప్పులు విడవకుండానే వెనక్కి తిరగడం.

ఢిల్లేశ్వరి చేతులు చున్నీ కింద దాస్తుంది.
సెలవుల్లో వాళ్లమ్మ పక్కన పిక్కలు కొడుతుంది,
వేళ్లకి జీడి మరక.
సబ్బుకి పోదు, చింతపండుకి పోదు,
ఆ తోలు ఊడితేనే పోతుంది.
శనివారం కూలి లెక్క నోటితోనే చేసి
"పదకొండు రూపాయిలు తక్కువిచ్చినారు బావూ" అని
గుమస్తాని నిలబెట్టిన గుంట,
ఈ వర్తకుడి ముందు మాట పడిపోయి కూర్చుంటుంది.

"ఎందుకొదిలేశావమ్మా?"
"కూడాలో గునించాలో తెలీదండి మేస్టారూ."
"అది తర్వాత. ముందు అడిగిందేటి?"
"అంకెలడిగినారండి."
"అంకెలు వాళ్లిచ్చారు. అడిగింది వేరే."

అంకెల మీద బొటనవేలు పెట్టి చదవమన్నాను.
సిగ్గుపడింది. కాసేపటికి చెయ్యి బయటికొచ్చింది.
640 మాయం. 25 మాయం.
నల్లటి వేలికి అటూ ఇటూ
ఒక మనిషీ, వాడి బేరమూ మిగిలాయి.

"ఇప్పుడు మీ తమ్ముడికి చెప్పినట్టు చెప్పు."
"ఒకడు జీడిపప్పు కొన్నాడండి.
తెచ్చీసరికి కొంత బద్దయిపోనాది.
బద్ద తక్కువకి అమ్మీసినాడు.
మిగిల్న గుండుపప్పు ఎంతకమ్మితే
ఆడికి నూటికి పది మిగుల్తాది? అంతేనాండి?"
ముందు బెంచీలోంచి కూర్మారావు తిరిగి చూశాడు,
"ఓస్, ఇదేనేటి!"

వేలు తీసింది. రాసింది.
కిలో 640 చొప్పున 25 కిలోలు, పదహారు వేలు.
లాభంతో కలిపి పదిహేడు వేల ఆరొందలు.
గుండు ఇరవై కిలోలు.
జవాబు 880, కింద రెండు గీతలు.

ఎర్రపెన్ను మూత తీసి ఆగాను.
రావలసింది 780.
గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు.
ఆమె నడిచిన దారంతా వెనక్కి నడిచి చూస్తే
ఒక్కచోట, బద్ద ఐదు కిలోలకీ
సున్నా వేసి ఉంది.

"బద్ద కిలో నాలుగొందలకి అమ్మాడని ఉంది కదా?"
"ఉందండి. కానీ బద్దకి డబ్బులేటండి?
బద్దయితే మాయమ్మకి కూలి కట్టరు."

పలాస స్టేషను వైపు గూడ్సుబండి
చాలాసేపు పోయింది.
పంతొమ్మిదేళ్లుగా నేను కొట్టేసిన జవాబుల్లో
ఎన్ని, పుస్తకంలో లేని లెక్కలకి
సరైన జవాబులో.

"తప్పేనాండి?"
"ఈ వర్తకుడికి తప్పు" అన్నాను.

మళ్లీ చదివింది. ఈసారి వేలు పెట్టకుండా.
పెదాలు కదిలాయి, ఒకచోట ఆగాయి.
"అంటే మేస్టారూ,
ఆ బద్దని కూడా అమ్ముతారా?"

ఇది సిలబస్సులో లేదమ్మా అనబోయాను.
నోరు రాలేదు.

కొత్త పేజీ తిప్పింది.
దిద్దుకుంటుందనుకున్నాను.
"ఒక కూలి మనిషి" అని రాసి, కొట్టేసి,
"సాడి నీలవేణి" అని రాసింది.
రోజుకి కొట్టే పిక్కలు, అందులో గుండు,
అందులో బద్ద, కిలోకి కూలి,
అంకెలన్నీ తనకి తెలిసినవే.
చివర "అడిగింది" అని రాసి, చుక్కలు పెట్టి,
పెన్ను చెంపకి ఆనించుకుని కూర్చుంది.

గంట కొట్టారు. బెంచీలు కదిలాయి.
పుస్తకం అడిగాను, దిద్దుదామని.
ఇవ్వలేదు.
కింద అరపేజీ చూపించి
"ఇది శనివారం రాత్తానండి" అంది.